మాట అందించే కృపావరం

కృపావరం గొంతు పన్నెండేళ్ళుగా తెలుగు సీరియళ్ళలో ఉంది. ఒక్కదానిలోనూ వినిపించదు.

సీరియల్లో నటించేవాళ్ళు మాటలు బట్టీ పట్టరు. పట్టడానికి వ్యవధి ఉండదు. రోజుకో ఎపిసోడు తీయాలి, రాసిన కాగితమేమో వాళ్ళు మేకప్ వేసుకుంటుండగా గాని ఫోన్లోకి దిగదు. పైగా కోడళ్ళలో సగం మంది బెంగుళూరు నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళకి తెలుగులో ‘అత్తయ్యా’ ఒక్కటే ధైర్యంగా వస్తుంది. అందుకని కెమెరా పక్కన, లైటు స్టాండు నీడలో ఒక మనిషి కాగితం పట్టుకుని నిలబడతాడు. ముందు మాట అతను అంటాడు. ఆ మాటనే నటి కళ్ళ నిండా నీళ్ళతోనో, పళ్ళు కొరుకుతూనో మళ్ళీ అంటుంది. తర్వాత డబ్బింగులో అతని మాట తీసేస్తారు. ఆ మనిషిని ప్రాంప్టరు అంటారు.

ఆ పనికి ఒకటే నియమం. ప్రాంప్టరు నటించకూడదు. ‘నేను నీ కన్నతల్లిని కాను’ అన్నా, ‘చారులో ఉప్పు తగ్గింది’ అన్నా ఒకటే గొంతు ఉండాలి. ప్రాంప్టరు గొంతులో ఏడుపు జీర దొర్లిందంటే నటి ఆ జీరను కూడా పట్టుకుంటుంది. ఒకసారి ఇంకో యూనిట్లో ప్రాంప్టరుకి జలుబు చేస్తే, ఆ వారమంతా విలన్ ముక్కుతో మాట్లాడాడని చెప్పుకుంటారు.

కృపావరానికి ఈ చదును గొంతు అమీర్‌పేటలో అబ్బింది. ఇప్పుడు అమీర్‌పేటలో నడిస్తే తల మీద ఆకాశం కనబడదు, బోర్డులు కనబడతాయి. మైత్రీవనం చుట్టూ సందుల్లో నేర్పే భాషల్లో ఒక్కటి కూడా మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకునేది కాదు. కానీ ఈ కోచింగు సెంటర్లు రాకముందు అక్కడ టైపు ఇన్‌స్టిట్యూట్లు ఉండేవి. వాటిలో ఒకదాంట్లో కృపావరం షార్ట్‌హ్యాండు డిక్టేషను చదివేవాడు. చేతిలో స్టాప్‌వాచీ పెట్టుకుని నిమిషానికి ఎనభై మాటలు, నూరు మాటలు, నూటిరవై మాటలు. ‘మీ దరఖాస్తును తిరస్కరించడమైనది’ అన్న వాక్యాన్ని ఇరవై రెండేళ్ళ పాటు ఎవరి మీదా కోపం లేకుండా చదివినవాడు ఆయన. తర్వాత షార్ట్‌హ్యాండు పోయింది, టైపు మిషన్లను తూకానికి అమ్మారు, అదే గదిలో జావా మొదలైంది. ఆయన దగ్గర చదువుకుని కృష్ణానగర్‌లో ప్రొడక్షన్ మేనేజరైన ఒక పాత విద్యార్థి రోడ్డు మీద కనిపించి, సార్, మీ గొంతుకి సరిపోయే పని ఒకటుంది అన్నాడు. అప్పుడు ఆయనకు యాభై ఒకటి. ఇప్పుడు అరవై మూడు.

ఇల్లు బల్కంపేటలో, ఎల్లమ్మ గుడి వైపు వెళ్ళే దారిలో రెండో అంతస్తు. భార్య జీవమణి మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైంది. చర్చిలో ఆమెకు పేరు ప్రార్థనకి. కుటుంబ ప్రార్థన ఎవరింట్లో పెట్టినా, వాక్యం ఎవరు చెప్పినా, ముగింపు ప్రార్థన మాత్రం జీవమణమ్మ గారే చెయ్యాలి. ఆమె ప్రార్థిస్తే ఇంట్లో ప్రతి మనిషీ పేరుతో సహా దేవుడి ముందుకు వెళ్ళేవారు. చదువు రానివాడు, పెళ్ళి కుదరనిది, బండి మీద నుంచి పడినవాడు, ఎవరినీ వదిలేది కాదు. కూతురు షెర్లిన్ పెళ్ళి చేసుకుని సనత్‌నగర్‌లో ఉంటోంది. అల్లుడు జెరెమియా అక్కడే ఒక వర్క్‌షాపులో సూపర్‌వైజరు. షెర్లిన్ ఉద్యోగం పంజాగుట్టలో, రక్తపరీక్షలు చేసే ల్యాబులో ముందు కౌంటరు దగ్గర.

ఏడాదిన్నర కిందట ఒక సాయంత్రం షెర్లిన్ ఫోన్ చేసి ఏం కూర వండావు మమ్మీ అనడిగింది. జీవమణి ఫోను చెవి దగ్గర పెట్టుకుని వంటింటి వైపు చూసింది. గిన్నె మీద మూత ఉంది. మూత వైపే చూస్తూ నిలబడిపోయింది. పక్కన పేపరు చదువుకుంటున్న కృపావరం తల ఎత్తకుండా, “బీరకాయ, పాలు పోసి” అన్నాడు. “బీరకాయమ్మా, పాలు పోసి చేశాను” అని జీవమణి సంతోషంగా చెప్పింది.

మొదలైంది అలాగే. దీన్ని ఆయన దాచడం అనుకోలేదు. పని అనుకున్నాడు, చేతనైన పని.

చర్చి మెట్ల దగ్గర ఎవరైనా ఎదురొస్తే కృపావరం అరడుగు వెనక నడుస్తూ, “సుగుణమ్మ గారు, తుంటి ఆపరేషను” అనేవాడు. ఆ మాట జీవమణి చెవికి తప్ప ఎవరికీ చేరేది కాదు. అది పన్నెండేళ్ళ సాధన. ఎదుటివాళ్ళ మాటకు అడ్డం పడకుండా, అందాల్సిన నటికే అందాలి గదా. సుగుణమ్మ గారూ, తుంటి ఎలా ఉంది అని జీవమణి చెయ్యి పట్టుకుని అడిగితే, ఈ వయసులో ఎంత జ్ఞాపకం తల్లీ అని ఆవిడ కళ్ళు తుడుచుకునేది. ఇలా ఏడాది తిరిగేసరికి జీవమణి జ్ఞాపకశక్తికి సంఘంలో పేరొచ్చింది. ఇంతకు ముందు ప్రార్థనకే పేరు.

ప్రార్థనలో మాత్రం ఆయన అందించాల్సింది పెద్దగా ఉండేది కాదు. మొదలుపెడితే వెళ్ళిపోయేది. ఆఖర్న ఆపడం ఒక్కటే ఆమెకు తెలిసేది కాదు. సరైన చోట కృపావరం “ఆమేన్” అనేవాడు. ఆమె “ఆమేన్” అనేది. అందరూ ఆమేన్ అనేవారు. ముందు ఎవరన్నారని ఎవరు చూస్తారు?

మధ్యలో ఒకసారి పంజాగుట్టలో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఎవరికీ చెప్పలేదు. డాక్టరు జీవమణిని ఇది ఏ నెలమ్మా, మనం ఎన్నో అంతస్తులో ఉన్నాం అని అడుగుతుంటే మార్కులు వరసగా పడుతున్నాయి. నూటిలోంచి ఏడు తీసేయండి అంటే తొంభై మూడు అంది. అప్పుడు డాక్టరు పెన్ను కింద పెట్టి, సార్, మీరు కాసేపు బయట కూర్చోండి అన్నాడు. కృపావరం నిజంగానే ఆశ్చర్యపోయాడు. తన పెదాలు కదులుతున్న సంగతి ఆయనకే తెలియదు. ఆయన బయటికెళ్ళాక ఆమెకు ముప్పైకి పదహారు వచ్చాయి. డిమెన్షియా అని కాగితం మీద రాశారు. మళ్ళీ ఏడాదికి పరీక్షకు వెళితే పెద్ద డాక్టరు ఊళ్ళో లేడు. కుర్ర డాక్టరుకి బయట నలభై మంది వేచి ఉన్నారు. ఆయన ఎవరినీ బయటికి పంపలేదు. ఈసారి ఇరవై ఆరు వచ్చాయి. ఫైలు ప్రకారం జీవమణి జబ్బు తగ్గుముఖం పట్టింది.

అదే రోజుల్లో సీరియల్లో కూడా ఈ జబ్బు వచ్చింది.

సీరియల్ పంజాగుట్ట వెనక కాలనీలో ఒక పాత మేడలో తీస్తున్నారు. సీరియల్ వాళ్ళు ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు మొదట చూసేది మెట్లు. ఎవరో ఒకరు వాటి మీద నుంచి పడాలి. ఈసారి నాయనమ్మ పడింది. ఆస్తి కాగితాలు ఎక్కడ పెట్టిందో ఆవిడ మర్చిపోవాలి, అది కథకు అవసరం. రాసే కుర్రాడు కేదార్ కాకినాడ నుంచి వచ్చినవాడు. చురుకైనవాడు, పాపం నిద్ర లేదు. అతని లెక్కలో మొదటిరోజు నాయనమ్మ పెద్దకోడల్ని గుర్తుపట్టదు, నాలుగోరోజు పళ్ళేలు విసురుతుంది, తొమ్మిదోరోజు వానలో గుడికి వెళ్ళిపోతుంది. అన్నీ మరిచిపోయిన మనిషికి చిన్నకోడలి నగ దొంగతనం మాత్రం తారీఖుతో సహా గుర్తుంటుంది. ఇంట్లోవాళ్ళ బాధ చూపించడానికి పదకొండు మంది హాల్లో నిలబడతారు. కెమెరా ఒక్కొక్కరి మొహం మీదికి మూడేసి సార్లు వెళుతుంది. కృపావరం ఆ పదకొండు మందికీ ఏడుపు మాటలు అందించి, ఏడున్నరకి బస్సెక్కి ఇంటికి పోతే అక్కడ హాల్లో నిలబడి ఉండేది ఒక్కతే. ఎందుకు నిలబడ్డావు మణీ అంటే, మీరొస్తే కూర్చుందామని అనేది.

ఒకరోజు కేదార్‌కి చెప్పి చూశాడు. ఆ జబ్బు ఉన్నవాళ్ళు పళ్ళేలు విసరరయ్యా, ఎక్కువమంది అడిగిందే అడుగుతారు, గ్యాసు వాడు వచ్చాడా అని పొద్దున్నుంచి నలభైసార్లు అడుగుతారు, ఆ నలభయ్యోసారి జవాబు చెప్పేవాడి మొహం మీద పెట్టు నీ కెమెరా అన్నాడు. కేదార్ మర్యాదగా విన్నాడు. “బావుందండీ. కానీ ఒకే డైలాగు రెండోసారి వస్తే ఎడిటింగులో తీసేస్తారండి. రిపీటనుకుంటారు.”

నాయనమ్మ వేషం జానకీదేవిది. రాజమండ్రిలో పౌరాణిక నాటకాలాడి వచ్చిన మనిషి, డెబ్బై దాటాయి. ఆవిడే అడిగింది, మర్చిపోయినవాళ్ళు ఎలా చూస్తారండీ అని. కృపావరం కాగితం మడిచాడు.

“మర్యాదగా చూస్తారండీ. పిలవని పెళ్ళికి వచ్చినవాళ్ళు, ఆ సంగతి బయటపడకూడదని నవ్వుతారు చూడండి, అలాగ.”

జానకీదేవి అలాగే చేసింది. పెద్దకోడలు ఎదురుగా వచ్చి నిలబడితే చిన్నగా నవ్వి, కూర్చోమ్మా అన్నట్టు చెయ్యి చూపించింది. సెట్లో లైటు పట్టుకున్న మనిషి కూడా కదలడం మానేశాడు. డైరెక్టరు విజయేందర్ మానిటర్లో చూసి తల గోక్కున్నాడు. “గట్ల కాదు మేడం. మంచిగున్న మనిషి లెక్కనే కొడ్తున్నరు. కండ్లు జర పెద్దగ చెయ్యండి, మతి పోయిందని ఆడియన్స్‌కు సమజ్ గావాలె గదా.” రెండో టేకులో ఆవిడ కళ్ళు పెద్దవి చేసింది. అది ఓకే అయింది.

లంచి బ్రేకులో జానకీదేవి పెరుగన్నం కలుపుకుంటూ, ఎవరండీ, మీ ఇంట్లోనా అంది. పక్కింట్లో అన్నాడు కృపావరం.

ఆ కళ్ళు పెద్దవి చేసిన నాయనమ్మను రాష్ట్రమంతా చూసింది. బల్కంపేటలో కింది వాటాలో ఉండే వజ్రమ్మ రోజూ ఏడింటికి పైకొచ్చి జీవమణి పక్కన కూర్చుని చూసేది. ఆమె కూడా సంఘంలో మనిషే. డిమెన్షియా అన్న మాట వజ్రమ్మకు సీరియలే నేర్పింది, ఆ జబ్బు ఎలా ఉంటుందో కూడా సీరియలే నేర్పింది. జీవమణి ఆ సీరియల్ చూస్తూ పాపం పెద్దావిడకి ఎంత కష్టమో అనేది. ప్రకటనలయ్యాక మళ్ళీ అనేది. వజ్రమ్మకు అందులో వింతేం కనబడలేదు. తను కూడా అలాగే అంటోంది.

ఇదంతా ఇలాగే సాగిపోయేదేమో. కానీ షెర్లిన్‌కి పాప పుట్టింది. పేరు ఫెయిత్. ఆరు నెలల సెలవు అయిపోవస్తోంది, వచ్చే సోమవారం ఉద్యోగంలో చేరాలి. పొద్దున్న తొమ్మిదింటికి పాపను అమ్మమ్మ దగ్గర దించి మెట్రో ఎక్కడం, సాయంత్రం ఆరింటికి తీసుకెళ్ళడం. ఇది షెర్లిన్ కడుపుతో ఉన్నప్పుడే అనుకున్న ఏర్పాటు. జీవమణి కూడా సరేనంది. సరేనని ముందు కృపావరం అన్నాడు, ఆ తర్వాత ఆమె అంది.

అలవాటు పడుతుందని షెర్లిన్ ఒక బుధవారం పాపను రెండు గంటలు వదిలి బ్యాంకు పనికి వెళ్ళింది. కృపావరం షూటింగు తొందరగా అయిపోయి పదకొండున్నరకి ఇంటికొచ్చాడు. బాల్కనీలో తీగ మీద మూడు చిన్న తువ్వాళ్ళు ఆరేసి ఉన్నాయి. మూడూ తడిగా ఉన్నాయి, ఒకటి కొంచెం తక్కువ తడి. స్నానాల గదిలో బకెట్లో హీటరు రాడ్డు వేలాడుతోంది, స్విచ్చి ఎర్రగా వెలుగుతోంది. జీవమణి చీర మోకాళ్ళ దాకా దోపుకుని పీట మీద కూర్చుని, పాపను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాస్తోంది. చెయ్యి ఎంత చక్కగా ఆడుతోందంటే, చూస్తే ఆమెకు ఏ జబ్బూ లేదు. పాప కేరింతలు కొడుతోంది.

“పొద్దున్నుంచి దీనికి స్నానం పోయలేదండీ,” అంది జీవమణి. “నీళ్ళు కాగాయేమో చూడండి.”

కృపావరం స్విచ్చి ఆపి రాడ్డు తీశాడు. నీళ్ళు సలసలమంటున్నాయి. చన్నీళ్ళ కుళాయి తిప్పి, ఆమె చేత నాలుగోసారి పాపకు స్నానం చేయించాడు. పక్కనే నిలబడి చన్నీళ్ళు తనే కలిపాడు. షెర్లిన్ వచ్చేసరికి పాప ఆదమరిచి నిద్రపోతోంది. మమ్మీ చెయ్యి పడితే ఎంత హాయిగా పడుకుందో అని షెర్లిన్ మురిసిపోయింది.

మర్నాడు పంజాగుట్టలో షెర్లిన్ ల్యాబుకు కాగితాలు ఇవ్వడానికి వస్తే, కృపావరం ఆమెను ఇరానీ హోటలుకు తీసుకెళ్ళి అంతా చెప్పాడు. డిక్టేషను చదివినట్టే చెప్పాడు. నిమిషానికి ఎనభై మాటలు, ఎక్కడా గొంతు ఎక్కలేదు దిగలేదు. ఇంత పెద్ద సంగతిని అలాంటి గొంతుతో చెబితే ఎవరు నమ్ముతారు? షెర్లిన్ బిస్కెట్టు టీలో ముంచి వింది. ముంచిన ముక్క విరిగి టీలో పడింది.

“మమ్మీ నన్ను గుర్తుపడుతుంది. వజ్రమ్మ ఆంటీని గుర్తుపడుతుంది. ఒక్కరోజన్న ఒక ప్లేట్ ఇసిరేసిందా డాడీ? వానల ఎక్కడికన్న పోయిందా?”

అలా ఉండదమ్మా అన్నాడు. ఫైలు తీసి ముందు పెట్టాడు. షెర్లిన్ మధ్యాహ్నం పన్నెండయ్యేలోపే ఎనభై రిపోర్టులు చూసే మనిషి. పాత కాగితం చూసింది, కొత్త కాగితం చూసింది. పదహారు, ఇరవై ఆరు. రిపోర్టు మూసి తండ్రి వైపు జాలిగా చూసింది. కొత్త కాగితంలో మార్కులన్నీ నావేనమ్మా అని ఆయన అన్నాడు గానీ, ఆ వాక్యం అంటుంటే ఆయనకే పిచ్చివాడి మాటలా వినిపించింది.

అయినా షెర్లిన్ మంచి పిల్ల. ఆ సాయంత్రమే ఇంటికొచ్చి తల్లిని అడిగింది, సోమవారం నేను ఎక్కడికి పోతున్నా మమ్మీ అని. జీవమణి చిన్నగా నవ్వింది. కూర్చోమ్మా అన్నట్టు చెయ్యి చూపించింది. ఒక సెకను, రెండు సెకన్లు. ఆ రెండు సెకన్ల ఖాళీ కృపావరం భరించలేకపోయాడు. ఖాళీ వస్తే నింపడం తప్ప ఆయన ఒంటికి ఇంకోటి తెలియదు. షెర్లిన్ వీపు వెనక నిలబడి, “డ్యూటీలో చేరుతున్నావు” అని పెదాలు కదిపాడు.

“డ్యూటీలో చేరుతున్నావు గదే,” అంది జీవమణి.

షెర్లిన్ తండ్రి వైపు తిరిగింది. “చూసినవా? మమ్మీకేం లేదు డాడీ. నీకే సీరియల్ ఎక్కింది.” షెర్లిన్‌ని పంపడానికి ఆయన మెట్లు దిగుతుండగా, ఆ మాటలు విన్న వజ్రమ్మ కూడా అదే కలిపింది, మతి పోయినోళ్ళు గిట్ల ఉంటరా అన్నా, అన్నం సుత సరిగ తినరు అని. పాపను చూసుకోవడం ఇష్టం లేక డాడీ ఇలా అంటున్నాడేమో అని షెర్లిన్ భర్తతో అన్నట్టు తర్వాత తెలిసింది.

శుక్రవారం సెట్లో కృపావరం మొదటిసారి ఒక లైను తప్పు అందించాడు. జానకీదేవి దాన్ని సరిదిద్దుకుని చెప్పేసింది. బ్రేకులో ఆవిడే వచ్చి పక్కన కుర్చీ లాక్కుంది. ఈసారి ఆయన పక్కిల్లు అనలేదు. అంతా విని ఆవిడ చాలాసేపు మోకాలు రుద్దుకుంది.

“మా నాటకాల్లో తెర వెనక ప్రాంప్టరు ఉండేవాడండీ. వాడున్నంత కాలం ఎవరికి పద్యం వచ్చో ఎవరికి రాదో కంపెనీ యజమానికి కూడా తెలిసేది కాదు. ఓ రోజు వాడికి జ్వరం తగిలింది. తెలిసిపోయింది.” లేచి వెళ్ళబోతూ, “మీరు ఒక్క పూట జ్వరం తెచ్చుకోండి” అంది.

శనివారం సాయంత్రం బల్కంపేట ఇంట్లో కృతజ్ఞతా ప్రార్థన పెట్టుకున్నారు. షెర్లిన్ మళ్ళీ ఉద్యోగంలో చేరుతోందని, పాప ఆరోగ్యంగా ఉందని. సంఘం నుంచి పదిహేను మంది వచ్చారు. కుర్చీలు చాలక చాప పరిచారు. వంటింట్లో రెండు డేగిసాల బిర్యానీ. బోనాల రోజులు కావడంతో కింద రోడ్డు మీద డప్పులు మోగుతున్నాయి. పాస్టరు గారు గొంతు కాస్త పెంచి వాక్యం చెప్పారు.

కృపావరం వంటింట్లోకి వెళ్ళి డబ్బాలోంచి ఉసిరికాయంత పటికబెల్లం ముక్క తీసి నోట్లో పెట్టుకున్నాడు. గొంతు కోసం ప్రాంప్టర్లందరి దగ్గరా ఉండేదే. చప్పరించడానికి చిన్న ముక్క చాలు. ఈ ముక్కతో దవడ పొంగింది, నాలుక కదలదు. వచ్చి జీవమణి పక్కన కాకుండా ఎదురుగా, తలుపు దగ్గర కూర్చున్నాడు. పెళ్ళయిన ముప్పై ఆరేళ్ళలో ప్రార్థనకు ఆయన ఆమె పక్కన కూర్చోకపోవడం అదే మొదలు. జీవమణి ఒకసారి పక్కన ఖాళీ చూసుకుంది.

ముగింపు ప్రార్థన జీవమణమ్మ గారు చేస్తారు అన్నారు పాస్టరు గారు. అందరూ కళ్ళు మూసుకున్నారు.

ఆమె మొదలుపెట్టింది. ప్రేమగల మా తండ్రీ అన్న మొదటి పిలుపుతోనే గది సర్దుకుంది. మాట తడబడలేదు, వాక్యం విరగలేదు. పాస్టరు గారి కంటే బాగా చేస్తోంది, ఎప్పుడూ అంతే. వజ్రమ్మ స్తోత్రం, స్తోత్రం అంటోంది. కృపావరం లెక్క వేసుకున్నాడు. ఇది ఇలాగే అయిపోతే రేపు ఆదివారం, ఎల్లుండి తొమ్మిదింటికి పాప, రాడ్డు, బకెట్టు.

“మా షెర్లిన్‌ని నీ చేతుల్లో పెడుతున్నాం తండ్రీ,” అంది జీవమణి. “సోమవారం నుంచి దానికి పదో తరగతి పరీక్షలు. లెక్కల పేపరు రోజు దాన్ని భయపడనివ్వకు.”

అల్లుడు జెరెమియా కళ్ళు మూసుకునే నవ్వాడు, అత్తయ్య హాస్యం అనుకుని. పాస్టరు గారు దాన్ని ఉపమానంగా తీసుకున్నారు, ఉద్యోగం కూడా ఒక పరీక్షే గదా అని, అవును తండ్రీ అన్నారు. ప్రార్థన సాగింది. వీధి కోసం, సంఘం కోసం, ఇరవై ఏళ్ళ కిందట పోయిన ఒక సువార్తమ్మ గారి కాలినొప్పి కోసం. చివరికి ‘యేసు నామంలో అడుగుతున్నాం’ దగ్గరికి వచ్చింది. అందరూ నడుము సర్దుకున్నారు. జీవమణి ఊపిరి తీసుకుంది. ఎదురుచూసింది. ఏమీ రాలేదు.

ప్రేమగల మా తండ్రీ, అంది.

మళ్ళీ మొదటి నుంచి. అవే మాటలు, అదే రాగం. మా షెర్లిన్‌ని నీ చేతుల్లో పెడుతున్నాం. పదో తరగతి. లెక్కల పేపరు. వజ్రమ్మ స్తోత్రాలు పల్చబడ్డాయి. ప్రార్థన చేసేవాళ్ళని మధ్యలో ఆపే అలవాటు ఆ సంఘంలో లేదు. కళ్ళు తెరిచి చూసినవాడు, తను తెరిచానని ఎవరికీ చెప్పుకోలేడు. అందుకని పదిహేను మంది కళ్ళు మూసుకునే ఉన్నారు. డప్పులు దగ్గరికొచ్చి దూరంగా పోయాయి. యేసు నామంలో అడుగుతున్నాం. ఊపిరి. ఎదురుచూపు.

ప్రేమగల మా తండ్రీ.

మూడో చుట్టులో పటికబెల్లం కరిగిపోయింది. కృపావరం నోరు ఖాళీ అయింది. ఒక్క మాట చాలు, నాలుగడుగుల దూరంలో ఉంది ఆమె, గుసగుసగా అన్నా అందుతుంది. జీవమణి కళ్ళు తెరిచే ఉన్నాయి. ప్రార్థిస్తూనే ఆయన పెదాల వైపు చూస్తోంది. ఆయన పెదాలు బిగించి, తల వంచి, తన మోకాళ్ళ మధ్య చాప అల్లిక చూశాడు. చాపలో ఒక ఎర్ర గీత, రెండు పచ్చ గీతలు. ఇరవై రెండేళ్ళ డిక్టేషనులో, పన్నెండేళ్ళ సెట్లలో ఆయన ఎవరినీ అలా వదిలేయలేదు.

పదో తరగతి పరీక్షలు, లెక్కల పేపరు. షెర్లిన్ కళ్ళు తెరిచింది. ఒడిలో పాప ఉంది. తల్లిని చూసింది, తల్లి చూపు వెంట వెళ్ళి తండ్రిని చూసింది. తల వంచుకుని, రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చున్న తండ్రి. ఈ మూడు ప్రార్థనల్లోనూ ఒక్కసారి కూడా ఫెయిత్ పేరు రాలేదని అప్పుడు తట్టింది. ఈ ఆరు నెలల్లో మమ్మీ నోట ఆ పేరు డాడీ పక్కన లేకుండా విన్నానా అని వెతుక్కుంది.

యేసు నామంలో అడుగుతున్నాం. ఊపిరి.

“ఆమేన్,” అంది షెర్లిన్.

గొంతు పగిలింది, ఏడుస్తూ అంది. జీవమణి మొహం ఒక్కసారి తేలికపడింది. “ఆమేన్,” అంది, అచ్చంగా అలాగే, గొంతు పగిలి, ఏడుస్తూ. పదిహేను మందీ ఆమేన్ అన్నారు. కళ్ళు తెరిచి చూస్తే తల్లీకూతుళ్ళు ఇద్దరూ ఏడుస్తున్నారు. పరిశుద్ధాత్మ కార్యం అంది వజ్రమ్మ.

జీవమణి చెంపలు తడుముకుని తడి చూసుకుంది. “ఎవరికేమైంది?” అంది.

బిర్యానీ చల్లారింది గాని అందరూ తిన్నారు. షెర్లిన్ వంటింట్లో పళ్ళేలు అందిస్తూ తండ్రిని ఎన్నాళ్ళ నుంచి అని అడిగింది. పద్దెనిమిది నెలలు అన్నాడు. ఆమె స్నానాల గదిలోకి వెళ్ళి హీటరు రాడ్డు తీసి, దాని తీగ చుట్టి తన సంచిలో పెట్టుకుంది. సోమవారం ల్యాబుకు ఫోన్ చేసి ఇంకో రెండు వారాలు సెలవు తీసుకుంది. ఆ తర్వాత అమీర్‌పేటలో రెండు కోచింగు సెంటర్ల మధ్య పసిపిల్లల్ని చూసుకునే కేంద్రం ఒకటి దొరికింది. పాపను పొద్దున్న అక్కడ వదిలి, సాయంత్రం తీసుకుని అమ్మమ్మ ఇంటికి వస్తుంది. కృపావరం షూటింగులు నెలకు పదికి తగ్గించుకున్నాడు. సీరియల్లో నాయనమ్మకి గుడి గంట తలకు తగిలి మొత్తం గుర్తొచ్చేసింది, కాగితాలు కూడా దొరికాయి. జానకీదేవి ఆ సీనుకు కళ్ళు బాగా పెద్దవి చేసింది.

మొదటి సాయంత్రం షెర్లిన్ పాపను ఎత్తుకుని వచ్చి తల్లికి అరడుగు వెనక నిలబడింది. జీవమణి పాపను చూసి మర్యాదగా నవ్వింది. షెర్లిన్ గొంతు సవరించుకుని, “ఫెయిత్” అంది. ఎంత ఆపుకున్నా చివర వణికింది.

“ఫెయిత్,” అంది జీవమణి వణుకుతూ, దిగులుగా. పాప బెదిరి పెదవి విరిచింది.

కృపావరం పేపరు పక్కన పెట్టి లేచి వచ్చాడు.

“ఏడవకుండా చెప్పాలమ్మా,” అన్నాడు. “కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు చెప్పాలి. మళ్ళీ అను.”